బోల్టుకు పాప్‌కార్న్ వద్దు

వెర్లిన్,

నేను మా చెల్లి మావిస్ ఇంటికి వెళ్తున్నాను, రేపు సాయంత్రానికి వస్తాను. నీ రైఫిల్ బోల్టూ ట్రిగ్గరూ ఇవాళే బాగుచేయడానికి మేస్త్రీకి పార్సెల్ చెయ్యి. ముందు పంపే పెట్టె అడుగంతా తడిమి చూడు, అందులో ఒక్క తూటా కూడా వెళ్లకూడదు. రెండింటికీ పల్చగా నూనె రాసి, విడివిడిగా ప్లాస్టిక్ సంచుల్లో కట్టు. పాత తువ్వాళ్లు చుట్టి, ఊపినా చప్పుడు రాకుండా గట్టి అట్టపెట్టెలో కుక్కు. నీ పేరూ, ఫోన్ నంబరూ, దాని రోగమేమిటో రాసిన కాగితం లోపల పెట్టు.

మెత్తగా ఉంటుందని మళ్లీ పాప్‌కార్న్ మాత్రం పొయ్యకు. కిందటిసారి కాస్పర్ ఊరి నుంచి తుపాకీల మేస్త్రీ హాల్వర్సన్ ఫోన్ చేశాడు. "అమ్మా, మీ ఆయన పంపిన సామాను బాగానే ఉంది. ఆ నూనె పాప్‌కార్న్ తిన్న మా కుక్కకే బాగోలేదు" అన్నాడు. సిగ్గుతో చచ్చాననుకో.

మొన్న నువ్వు బోల్టును ముందుకు తోసి గొట్టం మూస్తే, ట్రిగ్గర్ మీద వేలైనా పెట్టకుండానే అది టక్కుమంది. తుపాకీ ఖాళీగా ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే పేలేది. "ముసలిదైపోయింది, గొణుగుతోందిలే" అని నవ్వావు. నాకు నవ్వు రాలేదు. అది బాగయ్యేదాకా నువ్వు కొండల్లోకి వేటకు వెళ్లడానికి వీల్లేదు. జింక మాంసం లేకపోతే చలికాలమంతా చిక్కుడు గింజలు తింటాను. నువ్వు లేకపోతే ఎవరితో పోట్లాడను?

లోర్నా

చెప్పడం మరిచాను, బోల్టు కోసం షెడ్డులో వెతక్కు. నిన్న నీ ప్యాంటు జేబులో ఉండగానే ఉతికేశాను. తళతళలాడుతూ కిటికీలో ఉంది. మేస్త్రీ కావలసింది ఇప్పుడు వాషింగ్ మిషన్‌కి.