చురుక్కుమంటోందిరా

అక్కా, కారు తియ్యకు. ఇవాళ్టికి బస్సులో వెళ్లు. తాళం నేను పట్టుకెళ్తున్నాను, ఇల్లంతా వెతక్కు.

ఇందాక ముందు సీటు కవరు విప్పి చూశాను. లోపల సీటుని వెచ్చబెట్టే హీటరు తీగ చిట్లి, స్పాంజి అరచెయ్యంత మేర బొగ్గయిపోయింది. ఫ్యూజు ఊరికే పోతోందని విసుక్కుని పెద్దది వేసిన మహానుభావుణ్ణి నేనే. ఊళ్లో వాళ్లందరి ఇళ్లకీ వైరింగు చేసేవాణ్ణి, ఆ ఫ్యూజు పోయి మనల్ని కాపాడుతోందని తట్టలేదు.

"కూర్చుంటే చురుక్కుమంటోందిరా" అని అమ్మ నెల్లాళ్లుగా చెబుతూనే ఉంది. నడుం నొప్పేలే అని నువ్వు మందు రాశావు. నేను నవ్వాను.

అమ్మ లేవగానే నడుం కింద చూడు, కాలిందేమో. అడిగితే చెప్పదు.

ఇంకో మాట. ముందు సీటు కోసం అమ్మ నీ కూతురితో రోజూ పోట్లాడేది కదా, "అది నాది, నువ్వు వెనక్కి పో" అని. చిన్నపిల్లతో వంతులేంటమ్మా అని ఇద్దరం కసిరాం. దాన్ని ఆ సీట్లో ఒక్కరోజు కూడా కూర్చోనివ్వలేదక్కా.