హాస్టల్లోనే ఉండిపోయిన చిట్టి

టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరై, ఈ వీధిలో అందరికీ చిట్టి వాళ్ళమ్మగా తెలిసిన నేను, మతి కుదురుగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా రాసుకుంటున్న వీలునామా ఇది. మోకాళ్ళు మాట వినడం లేదు గాని, బుర్ర ఇంకా వింటోంది.

1. నేనుంటున్న రెండు గదుల వాటా నా తదనంతరం నా చెల్లెలి కూతురికి సర్వహక్కులతో చెందవలెను. ఈ వీలునామా అమలు జరిపించే బాధ్యతా దానిదే. చిట్టి పోయాక నన్ను అమ్మా అని పిలిచింది అదొక్కతే.

2. ముందుగదిలోని చెక్క తలుపుల టీవీ నా తమ్ముడికి. అది పనిచేయదని వాడికీ తెలుసు. డాబా ఎక్కి యాంటెన్నా తిప్పుతూ "వచ్చిందా అక్కా?" అని అరిచేది వాడే. లోపల వీధంతా ఒక్క గొంతుతో "ఆ, ఆ... అయ్యో, పోయింది!" అనేది. శుక్రవారం సాయంత్రం సీరియల్ వేళకు మా గుమ్మంలో చెప్పులు గుట్టపడేవి. ఆ సీరియల్లో సొంత పేరుతోనే పాపగా వేసిన చిట్టి, తెరమీద తనను తాను చూసుకుని సిగ్గుతో నా కొంగులో దూరేది. ఎదురుగానూ అదే, ఒళ్ళోనూ అదే.

3. చిట్టి జ్వరంతో పోయింది. ముందే తీసిపెట్టుకున్న భాగాలు మాత్రం వస్తూనే ఉన్నాయి. అది చనిపోయిన వారంలోనే తెరమీద తాడాట ఆడింది. తర్వాత డైరెక్టరు వచ్చి, "కథలో పాపను చంపలేమమ్మా, జనం తట్టుకోలేరు. హాస్టల్‌కు పంపించేస్తాం" అన్నాడు. నేను తట్టుకోగలనని ఆయనకు ఎవరు చెప్పారో! ప్రసారం ఆగిపోతే "అంతరాయానికి చింతిస్తున్నాం" అని వేసేవాళ్ళు, నా బిడ్డ పోతే ఆ మాటా వేయలేదు. ఏళ్ళ తరబడి కూరగాయల బండి దగ్గర ఎవరో ఒకరు అడిగేవారు: "చిట్టికి సెలవులెప్పుడమ్మా?" నేను వంకాయలు ఏరుకుంటూ ఉండిపోయేదాన్ని. ఆ తాడాటలో అది వేసుకున్న కుట్టుపువ్వుల గౌను చెల్లెలి కూతురి దగ్గరే ఉండాలి. దాన్ని ఉతకకూడదు.

4. సీరియల్లో చిట్టికి తండ్రిగా వేసిన నటుడి మీద నాకు కోపముండేది. కన్నతండ్రిని ఎరగని పిల్ల, సెట్ బయట కూడా ఆయన్నే నాన్నా అనేది. అది పోయినప్పుడు ఊరంతా వెళ్ళి ఆయన్ను ఓదార్చింది. పేపరులో ఆయన ఏడుస్తున్న ఫొటో వేశారు. నా ఏడుపు ఎవరికీ పట్టనిదైంది. అప్పటినుంచి ఆయనతో మాటల్లేవు.

పోయిన వానాకాలంలో ఆయన కోడలు కబురు పెడితే వెళ్ళాను. మంచంలో ఉన్నారు. అన్నీ మరిచిపోయారు. నన్ను చూడగానే, "చిట్టిని తీసుకురాలేదేంటమ్మా? షాట్ రెడీ" అన్నారు. నా నోరు దానంతటదే కదిలింది. "హాస్టల్లో ఉందండీ" అన్నాను.

"అన్నం సరిగ్గా తింటోందా?"

ఇన్నేళ్ళలో ఆ మాట నన్నెవరూ అడగలేదు. "తింటోందండీ" అన్నాను. నా కోపం అక్కడే కూలబడింది. అప్పటినుంచి శుక్రవారం శుక్రవారం వెళ్తున్నాను.

5. టీవీ కేంద్రం వాళ్ళు ఆ టేపులన్నీ చెరిపేసి వాటిమీద ఆటల పోటీలు రికార్డు చేసుకున్నారు. మా తమ్ముడు ఇంట్లో ఎక్కించిన క్యాసెట్టు ఒక్కటే మిగిలింది. అదీ, దాన్ని ఆడించే ప్లేయరూ ఆ నటుడికే చెందవలెను. ఇంటర్నెట్‌లో పెట్టవద్దు. ఈ పాప ఇప్పుడెక్కడుందని అడుగుతారు.

6. నేను పోయిన కబురు ఆయనకు చేరనివ్వవద్దు. శుక్రవారం నాకోసం అడిగితే, చిట్టిని తీసుకురావడానికి వెళ్ళిందని చెప్పవలెను.

ఇది నా చివరి వీలునామా. చదివించుకుని విని, సరిగా ఉందని ఒప్పుకుని చేవ్రాలు చేశాను.

తేదీ: ఆగస్టు పదకొండు, శుక్రవారం

(సంతకం) చిట్టి వాళ్ళమ్మ

సాక్షులు:
కింది వాటా టైలరు
ఎదురింటి నర్సమ్మ