తెరకు కుడివైపు

గౌరవనీయులైన అత్తయ్యగారికి,

మీ అల్లుడు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం. ‘నేను’కు ముందు కొట్టేసి ఉన్న మాట ‘మేము’. చెయ్యి అలవాటుకొద్దీ రాసేసింది, పట్టించుకోకండి. మీరు క్షేమమని, కుట్టుమిషను కొత్త మోటారుతో బాగా నడుస్తోందని మీ ఉత్తరం వల్ల తెలిసి సంతోషించాను.

మీరడిగినవాటికి జవాబులు. భోజనం వేళకు చేస్తున్నాను. ఓడలో తిండికి లోటు లేదు. మోకాలి నొప్పి తగ్గింది. మీరు కుట్టి పంపిన చొక్కాలు అందాయి. రెండూ వదులు. మీ కొలత తప్పిందనే ధైర్యం నాకు లేదు కనుక, నేనే చిక్కానని ఒప్పుకుంటున్నాను.

‘ఉద్యోగం మానేసి వచ్చెయ్యండి, ఆ నీళ్ల మీద ఒంటరిగా ఎన్నాళ్లు’ అని రాశారు. ఉండటమో దిగిపోవటమో ఈ ప్రయాణంలోనే తేలాల్సి వచ్చింది. మా మేనేజరుకు నేనొక జవాబు చెప్పాలి. ఆ సంగతి రాయడానికే ఇంత పొడుగు కాగితం తీసుకున్నాను.

‘విహారానికి వచ్చిన పిల్లాజెల్లా సముద్రం మధ్య ఏం చేస్తారు, విసుగు పుట్టి ఏడవరా’ అని కూడా అడిగారు. ఏడవడానికి తీరిక ఉండదు. పొద్దున్నే పై అంతస్తులో తల్లిదండ్రులూ పిల్లలూ కలిసి కసరత్తు. తర్వాత ఈతకొలను, నీళ్ల జారుడుబల్ల. దాని మీంచి తాతలు కూడా జారుతారు. కింద మనవలు నిలబడి మార్కులు వేస్తారు. మధ్యాహ్నం కుటుంబాలకు క్విజ్. పిల్లలు నవ్వుతూ ఆడతారు, తండ్రులు పోట్లాడుకుంటారు. ముఖాలకు రంగులు వేసేవాళ్లున్నారు. బంతులు ఎగరేసే అమ్మాయి ఉంది. బుడగలతో కుక్కల్ని చేసే ఆయన నాతోపాటే ఒక గదిలో ఉంటాడు. గదులు సర్దేవాళ్లు తువ్వాళ్లను ఏనుగుల్లా మడిచి పడకల మీద కూర్చోబెడతారు. విప్పితే ఏనుగు చచ్చిపోతుందని ఒక పిల్లవాడు ప్రయాణమంతా తడి ఒంటితోనే తిరిగాడు.

మా ఆట సాయంత్రం నాలుగింటికి, పిల్లల గదిలో. ‘నీడల కథ, ఇంటిల్లిపాదికీ’ అని కార్యక్రమాల కాగితంలో వేస్తారు. మీరెప్పుడూ చూడలేదు కనుక చెబుతాను. గదికి అడ్డంగా తెల్లటి గుడ్డ. వెనక ఒక దీపం. ఓడలో మంట వెలిగించనివ్వరు కాబట్టి అది కరెంటు దీపమే. కెరటాలకు కదలకుండా బల్లకు బిగించి ఉంటుంది. దీపానికి ఎడమపక్క నేను, కుడిపక్క మీ అమ్మాయి. నావి పులి, చెట్టు. ఆమెవి జింక, గడ్డి. కథ చిన్నదే. పులి జింకను తరుముతుంది, జింక దొరకదు. ఎన్ని వందలసార్లు ఆడామో, ఒక్కసారీ దొరకలేదు. ‘నీడలమ్ముకునేవాడికి పిల్లనిచ్చాను’ అని మీరు మా పెళ్లప్పుడు అందరి ముందూ అన్నది గుర్తుంది. ఆ నీడల్లో మంచివి మీరు నేర్పినవేనని ఆమె నాకు తర్వాత చెప్పింది. కరెంటు పోయినప్పుడల్లా మీ గోడ మీద మొదట జింకే వచ్చేదట.

పోయిన వానాకాలం ఆమె వెళ్లిపోయాక, నెల సెలవు పెట్టి మళ్లీ ఓడెక్కాను. మొదటిరోజు ఒక్కడినే ఆడాను. పులి వచ్చింది, చెట్టు వచ్చింది. జింక రావాల్సిన చోటికి వచ్చేసరికి తెర కుడివైపు ఉత్త వెలుగు. ఏం చెయ్యాలో తోచక అడిగాను.

“జింక దాక్కుంది. ఎక్కడుందో మీకు కనిపిస్తోందా?”

“అదిగో!” అని అందరూ ఒక్కసారి అరిచారు.

తెర అంచు నుంచి చూశాను. చేతులన్నీ కుడివైపుకే ఉన్నాయి.

“గడ్డి తింటోంది” అంది ఒక పాప.

“తినట్లేదు. నిన్నే చూస్తోంది” అన్నాడు వాళ్లన్నయ్య, నాతో.

అత్తయ్యగారూ, కాలేజీలో నేను చదివింది భౌతికశాస్త్రం. వెలుగుకు ఏదో ఒకటి అడ్డం రాకుండా నీడ పడదు. ఇది నాకు తెలుసు. అయినా ఆరోజు నుంచి ఆట అలాగే ఆడుతూ వచ్చాను. ప్రతి ప్రయాణంలో కొత్త పిల్లలు. ఎవరూ ఎవరికీ చెప్పరు. అందరూ అటే చూపిస్తారు. ఓడ ఒరిగినప్పుడు గుడ్డ కదులుతుంది, గుడ్డతో వెలుగు కదులుతుంది. నేను పులిని మెల్లగా నడపడం మొదలుపెట్టాను. అటువైపు దాకా వెళ్లనిచ్చేవాణ్ణి కాదు.

మా మేనేజరమ్మ మెడలో ఎప్పుడూ ఈల ఉంటుంది. సిబ్బంది చాటుగా ‘ఈలమ్మ’ అంటారు. మనిషి మంచిదే. ఒకరోజు ఆట అయ్యాక వచ్చి పిల్లల కుర్చీలో ఇరుక్కుని కూర్చుంది.

“మాస్టారూ, మళ్లీ అడుగుతున్నాను, ఒక్కరే ఎన్నాళ్లు లాగుతారు?”

“పిల్లలు బాగానే చూస్తున్నారు కదండీ.”

“సగం తెర చూస్తున్నారు. నిన్న ఒకావిడ నా దగ్గరకొచ్చి, ఒకవైపు నీడలు పడటం లేదు, మీకు ఒక బల్బు పోయినట్టుంది, వేయించండి అని చెప్పి వెళ్లింది.”

నేను తెర మడతపెట్టసాగాను.

“బంతులమ్మాయికి ఆ గంట ఖాళీయే. చేతులు మంచివి. నేర్పండి. లేదంటే నాలుగు గంటల ఆట రంగులవాళ్లకి ఇచ్చేయాల్సి వస్తుంది. నన్ను తిట్టుకోకండి, నా నెత్తిన కూడా ఒకడున్నాడు.”

“ఆలోచిస్తానండీ.”

“మీరు ఆలోచించడం మొదలుపెట్టాక ఓడ రెండుసార్లు వెళ్లొచ్చింది. ఈసారి రేవు చేరేలోపు చెప్పండి.”

గదికి వచ్చి బుడగలాయనతో ఈ సంగతి అన్నాను. ఆయన మంచం మీద పడుకుని బుడగ ఊదుతున్నాడు. దాని మూతి ముడేసి, “చెప్పెయ్యండి, కుదరదని. ఉద్యోగం పోతుంది, అంతేగా. మీకేమో బాధ మిగులుతుంది, దానికి జీతమెవడిస్తాడో చూద్దాం” అన్నాడు. అతని మాటలెప్పుడూ అంతే. తర్వాత ఆ బుడగతో కుక్కను చేసి నా దిండు పక్కన పెట్టాడు.

కుదరదనే చెబుదామనుకున్నాను. దిగిపోతానని మీకు ఉత్తరం కూడా మొదలుపెట్టాను. అది చింపేశాను. ఎందుకో చెబుతాను.

మూడురోజుల కిందటి మాట. సముద్రం కాస్త చెలరేగి ఉంది. బయట ఆటలన్నీ ఆపేశారు కాబట్టి పిల్లల గది నిండిపోయింది. పులి వచ్చింది. చెట్టు వచ్చింది. జింక ఎక్కడుందని అడిగాను. అదిగో అని అరిచారు. అరుపు మామూలుగా లేదు. తెర వైపు తిరిగాను.

కుడివైపు జింక ఉంది.

చూపుడు వేలు ఒక చెవి, చిటికెన వేలు ఒక చెవి. చిటికెన వేలి చెవి కొస దగ్గర వంగి ఉంది.

నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే ఏదో ఒకటి తెలిసిపోతుంది. పులిని కదిపాను. జింక చెవులు విదిల్చింది, ఆమె విదిల్చినట్టే, రెండుసార్లు. పులి అడుగేస్తే జింక అడుగేసింది. నాకు తెలియకుండానే నోట్లోంచి మాట వచ్చింది.

“ఇన్నాళ్లు ఎక్కడికెళ్లావు?”

పిల్లలు నవ్వారు. కథలో మాటే అనుకున్నారు. జింక జవాబు చెప్పింది.

“స్కూల్‌కి.”

అప్పుడు తిరిగాను. దీపం పక్కన ఒక పాప మోకాళ్ల మీద కూర్చుని ఉంది. చెయ్యి చిన్నదే. దీపానికి దగ్గరగా పెడితే ఎవరి నీడైనా పెద్దదవుతుంది.

ఆట ఎలా ముగించానో తెలియదు. తర్వాత పాపను అడిగాను. గొంతు కాస్త గట్టిగానే వచ్చింది.

“ఆ వేలు ఎందుకు వంచావు?”

“వంచకపోతే జింక అవ్వదు కదా అంకుల్.” నాకేమీ తెలియదన్నట్టు చూసింది. “పోయినసారి వచ్చినప్పుడు ఆంటీ నేర్పించింది. ఆంటీది అలాగే ఉంది. ఆంటీ ఏది?”

వాళ్లమ్మ వెనకే నిలబడి ఉంది. “సారీ అండీ, వద్దంటే వినకుండా తెర వెనక్కి దూరింది. ఏడాదిగా ఇదే పని దీనికి. కొస ఒక్కటే వంగడం లేదని వేలికి దారం కట్టుకుని పడుకునేది. ఇప్పుడు క్లాసులో అందరికీ నేర్పిందట. వాళ్ల టీచరు నన్ను పిలిచి, మీ పాప వల్ల పిల్లలంతా చిటికెన వేళ్లు వంకర పెట్టుకుని తిరుగుతున్నారండీ అని ఫిర్యాదు చేసింది.”

ఆమె నవ్వింది. నేనూ నవ్వాలనుకున్నాను. ఆంటీ ఇక రాదని పాపకు చెప్పాను. ఎందుకని అడగలేదు. తన వేలు చూసుకుంది, నిటారు చేసింది, మళ్లీ వంచింది.

అత్తయ్యగారూ, పోయిన రెండు ఉత్తరాల్లోనూ మీరొక ప్రశ్న అడిగారు. రెండుసార్లూ నేను దాటేశాను. ‘ఆ వేలి గురించి అది మీతో ఎప్పుడైనా అందా? నన్నేమైనా అందా?’ అని. మీరూ నేనూ కావాలనే తెలియనట్టు ఉండిపోయిన సంగతి కనుక ఇప్పుడు ఉన్నదున్నట్టు రాస్తాను. అంది. ఒక్కసారే. చివరి రోజుల్లో, ఆసుపత్రిలో.

చిన్నప్పుడు ఒక వానలో మీరు గాభరాగా తలుపు మూయడం, సందులో వేలు పడటం, అదంతా తనకు సరిగా గుర్తే లేదంది. తనకు గుర్తున్నది వేరే. “అమ్మ ఆ తర్వాత ఈ చెయ్యి పట్టుకోలేదు. రోడ్డు దాటేటప్పుడు నేను కుడిపక్కన ఉంటే, చుట్టూ తిరిగొచ్చి ఎడమచెయ్యి పట్టుకునేది. వేలు ఎప్పుడో మానిపోయింది. ఇటు పట్టుకో అమ్మా అని చాలాసార్లు నోటిదాకా వచ్చేది. అంటే ఏడుస్తుందని ఊరుకునేదాన్ని.”

ఇంతే. మీకు చెప్పమని అనలేదు. చెప్పొద్దనీ అనలేదు. చెప్పి ఇప్పుడు ప్రయోజనమేమిటని దాచాను. పట్టుకోవడానికి చెయ్యి లేదు కదా అనుకున్నాను. మీకు కష్టంగా ఉంటుందని తెలిసే రాస్తున్నాను. మీరు అటు ముట్టుకోనిది కోపంతోనో అసహ్యంతోనో కాదు. ముట్టుకుంటే ఏమవుతుందోనని. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెరకు కుడివైపు ఎవరినీ రానివ్వకుండా నేను చేస్తూ వచ్చింది కూడా అదే.

మీరు చూడలేకపోయిన ఆ వేలినే, ఎక్కడో ఒక క్లాసు పిల్లలంతా కావాలని వంచుకుంటున్నారు. వాళ్లకది దెబ్బ కాదు. జింక చెవి.

మర్నాడు పొద్దున ఈలమ్మ దగ్గరకెళ్లి సరేనన్నాను. ఆవిడ ఈల ఊదబోయి ఆగిపోయింది. మధ్యాహ్నం బంతులమ్మాయి వచ్చింది. జింక చెయ్యడం నాకు రాదు, పాపే నేర్పింది.

“అలా కాదక్కా. ఇది వంచు. అబ్బా, మొత్తం కాదు, కొస!”

“వంగట్లేదు తల్లీ. బంతులైతే ఐదు ఎగరేస్తాను గానీ ఈ కొస నా మాట వినడం లేదు.”

“దారం తేనా?”

నిన్న ఇద్దరం ఆడాం. ఆమె జింక మీ అమ్మాయి జింకలా లేదు. మరీ బెదురుగా ఉంది, ఎటు పారిపోవాలో తెలియనట్టుంది. నిజంగానే తెలియలేదు. పులి తరుముతుంటే దూరంగా పోవాల్సింది, గాభరాపడి ఎదురొచ్చేసింది. రెండు నీడలూ కలిసిపోయాయి. తెర మీద ఒక నల్లటి ముద్ద. ముందు వరసలోంచి ఎవరో చిన్న గొంతుతో, “తినేసింది” అన్నారు.

అమ్మాయి నా వైపు చూసింది. కళ్లలో నీళ్లు. చెయ్యి తీసెయ్యనా అని సైగ చేసింది. వద్దని తల ఊపాను. ఆమెను అక్కడే ఉండమని, నా చెయ్యి దీపం ముందు నుంచి తీసేశాను.

పులి పోయింది. జింక అక్కడే ఉంది.

పిల్లలు ఎంతసేపు చప్పట్లు కొట్టారో నేను చూసుకోలేదు. చెయ్యి ఒళ్లో పెట్టుకుని, తెరకు కుడివైపే చూస్తూ కూర్చున్నాను. అది ఆమె కాదు. కాదని తెలిసీ చూడగలిగాను.

కాబట్టి ఇప్పట్లో దిగి రాను. మీ మనసు కుదుటపడటానికి ఎన్నాళ్లు పట్టినా పట్టనివ్వండి. తిట్టాలనిపిస్తే నన్ను తిట్టండి, మిమ్మల్ని మీరు తిట్టుకోకండి.

ఇట్లు,
ఆమె లేకపోయినా
మీ అల్లుడు.