సాయిలు నడక

ప్రియమైన పద్మక్కకు,

నీ చెల్లెలు సునంద నమస్కరించి రాసేది. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వు, బావ, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. మోకాలి నొప్పి మందు మానేశావని బావ చెప్పాడు. మానొద్దు. చెరకు నరకడానికి మనుషులు దొరికారా?

నా గురించి బెంగపడకు. స్కాట్లండ్‌లో టీ తాగే వేళకే చీకటి పడుతోంది, ఎండ మొహం చూసి చాలా రోజులైంది. అంతే తప్ప ఏ కష్టమూ లేదు. జొన్నపిండి దొరికింది గానీ రొట్టె పెనం మీదే విరిగిపోతోంది. నువ్విచ్చిన పుంటికూర తొక్కు అడుగంటింది. ఎవరైనా ఇటు వస్తుంటే ఇంకో సీసా పంపు.

ఇవన్నీ ఫోన్లో చెప్పుకునేవే. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం నోటితో చెప్పబోతే కోపంలో సగం మాటలు మరిచిపోతాను. అందుకే రాస్తున్నాను.

మన ఎడపల్లి సాయిలు సంగతి నీకు తెలిసిందే. పాదం పైకి లేవక టపటపా నేలకు కొట్టుకుంటుంది, మనిషి తూలుతాడు. తాగి పనికొస్తున్నాడని రైసుమిల్లు సేటు వాచ్‌మన్ ఉద్యోగం తీసేశాడు. చనిపోయిన వాళ్ళ నాన్నదీ అదే నడక. వాళ్ళది తాగుబోతుల ఇల్లని ఊరంతా అనేది. మన బాపు కూడా అన్నాడు.

నిజామాబాద్ ఆసుపత్రిలో డాక్టరుగా పనిచేసేటప్పుడు నేనతన్ని పరీక్షించాను. పిక్కలు సన్నబడ్డాయి, అరికాళ్ళు విల్లులా వంగాయి. నేనిన్నేళ్ళుగా పరిశోధన చేస్తున్నది చేతులకూ కాళ్ళకూ పోయే ఈ నరాల జబ్బుల మీదే కదా, చూడగానే అనుమానం వచ్చింది. అనుమతులన్నీ తీసుకుని అతని రక్తాన్ని ఇక్కడి ల్యాబుకు తెప్పించాం. అనుమానం నిజమైంది. అది తండ్రి నుంచి వచ్చిన జబ్బు. తాగుడుకూ దానికీ సంబంధమే లేదు.

మా ప్రొఫెసర్ సంబరపడ్డాడు. సాయిలు పాదాల ఫోటోతో పెద్ద వైద్య పత్రికకు వ్యాసం సిద్ధం చేశాడు. మరి సాయిలుకు ఎప్పుడు చెబుదామని అడిగాను. చెప్పాల్సిన పని లేదన్నాడు. పరిశోధన వేరు, వైద్యం వేరట. మందు లేని జబ్బును చెప్పి ఏం లాభం, పైగా చదువు లేనివాడికి ఏం అర్థమవుతుందని నన్నే అడిగాడు.

అక్కా, నాకు ఒళ్ళు మండిపోయింది. అతని రక్తం కావాలి, పాదాలు కావాలి, అతను మాత్రం అక్కర్లేదు! తాను తాగుబోతు కాదని అతనికి తెలుస్తుంది, ఆ లాభం చాలదా అని మీటింగులో అందరి ముందే అడిగాను. అతనికి చెప్పేదాకా వ్యాసంలో నా పేరు వేయొద్దని, వేస్తే పత్రికకే రాస్తానని చెప్పాను. కొన్ని వారాలు ఆయన నాతో మాట్లాడలేదు. క్యాంటీన్లో ఒంటరిగా తిన్నాను. చివరికి రోగికి చెప్పాలంటే ఉన్న నియమం ప్రకారం ఆసుపత్రి ల్యాబులో మళ్ళీ పరీక్ష చేయించి, ఫలితం చెప్పడానికి ఒప్పుకున్నాడు.

నిజామాబాద్‌లో నాతో పనిచేసిన డాక్టర్ కవిత, సాయిలునూ వాళ్ళ అమ్మనూ పిలిపించింది. వీడియో ఫోన్లో నేనే చెప్పాను. కాలువ చివరి మడికి నీళ్ళందనట్టు పాదాలకు నరాల బలం అందడం లేదని, పాదాన్ని ఎత్తి పట్టే పట్టీలు, తగిన బూట్లు వేసుకుంటే నడక కుదుటపడుతుందని చెప్పాను. అతను విని నెమ్మదిగా అడిగాడు.

"అంటే మా బాపుది గూడ గిదే బీమారా, డాక్టరమ్మా?"

అవునన్నాను.

"గా మాట మా అవ్వకు చెప్పుండ్రి. బాపు బతికుండంగనే ఇంట్ల ఆయనతోని మాట్లాడుడే బంద్ చేసింది."

ఫోను అవ్వ చేతికిచ్చాడు. అదే మాట ఆమెకూ చెప్పాను. చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తాగలేదని నా తల మీద చెయ్యి వెట్టి ఒట్టేసిండు బిడ్డా. నేనే నమ్మకపోతి."

రిపోర్టును కాగితం మీద తీసి సాయిలు చేతికివ్వమని కవితకు చెప్పాను.

రిపోర్టు పట్టుకుని సాయిలు మిల్లుకు వెళ్తే, ఇలాంటి కాగితాలు ఎవడైనా తెస్తాడని సేటు తిప్పి పంపాడట. బావను ఒకసారి సాయిలుతో వెళ్ళమను. మిల్లులో నలుగురి ముందూ మాట్లాడమను, అవసరమైతే అక్కడి నుంచే నాకు ఫోన్ చేయమను. నువ్వు ఆ అవ్వ దగ్గరకు పోయి కాసేపు కూర్చో.

నా ఆరోగ్యానికి ఏం ఢోకా లేదు, వేళకు తింటున్నాను. బాపుకు, అమ్మకు నా దండాలు చెప్పి, నన్ను దీవించమను. పిల్లలకు ముద్దులు. సాయిలు వీధిలో నడిచి వెళ్తుంటే ఎవరైనా నవ్వితే, అది బాపే అయినా సరే, ఊరుకోకక్కా.

నీ చెల్లెలు,
సునంద