కొత్త సీటులో మేకపోతు

శనివారం, రాత్రి

జీపుకి వెనక సీట్లు వేయించడం ఇంత తలనొప్పి అవుతుందనుకుంటే ఆ జోలికే పోయేవాణ్ణి కాదు. రేపు ఎల్లమ్మ దగ్గరికి అందరం సుఖంగా కూర్చుని వెళ్లాలని, షిఫ్టు దిగి నిద్ర కూడా పోకుండా వెల్డింగ్ షాపు ముందు ఎండలో నిలబడ్డాను. అటొక బెంచీ, ఇటొక బెంచీ. ఇంట్లో మనుషులందరినీ లెక్కేసుకునే వేయించాను.

సాయంత్రం క్వార్టర్ ముందు బండి ఆపితే, అవ్వ చుట్టూ తిరిగి చూసి, "మరి మేకపోతు ఏడ నిలబడ్తది?" అంది.

మొక్కు మేకపోతునే మరిచిపోయాను. బెంచీల మధ్యన వంటగిన్నెలు, బియ్యం బస్తా. గుడి దగ్గరే ఇంకొకటి కొందామన్నాను.

"మొక్కింది దీన్ని. ఇంకోదాన్ని ఇస్తే ఎల్లమ్మ ఊకుంటదా?"

సీట్లు తీయిద్దామంటే బోల్టులు కావు, వెల్డింగ్. అక్క మొగుడు నవ్వు ఆపుకుంటూ, "బండి నేను తోల్త. నువ్వు బస్సుల రా బామ్మర్ది. దాన్నైతే బస్సుల ఎక్కనియ్యరు గద" అన్నాడు.

నా జీపు. నేను బస్సులో. కోపంతో అన్నం కూడా సరిగ్గా తినలేదు. ఈలోగా అవ్వ కొత్త సీటు మీద గోనెసంచి పరిచి మేకపోతుని ఎక్కించి చూసింది. అది దర్జాగా పడుకుని నెమరు వేసింది. నేనింకా ఒక్కసారి కూడా కూర్చోని సీటు.

నిరుడు నేను దవాఖానలో పడి ఉన్నప్పుడు, నేను బతికితే దీన్ని ఇస్తానని అవ్వ మొక్కుకుంది.

రేపు వచ్చేటప్పుడు ఆ సీటు ఖాళీగానే ఉంటుంది. నన్ను కూర్చోమంటారు.