ఎసినామ్ పేరు వెనక ఖాళీ స్థలం

ఆన్లోగా ఊరు

కంటి ఆసుపత్రి రికార్డుల గుమాస్తా మావుకో గారికి, చిన్నుల్లి రైతు సెనాను క్లు నమస్కరించి రాసేది.

మా ఆవిడ ఎసినామ్ క్లు శుక్లాల ఆపరేషన్ కోసం పేరు రాయించుకుని చాలాకాలమైంది. మొన్న వస్తే కిటికీ దగ్గరి అమ్మాయి కంప్యూటర్ చూసి, "ఆ పేరుగల మనిషే లేదు" అంది. "మరి నీ ముందు దగ్గుతున్నది ఎవరమ్మా?" అని మా ఆవిడ అడిగింది. దయచేసి వెతికించండి.

ఇట్లు,
సెనాను క్లు

తా.క. మా ఆవిడ కలుపు తీస్తానని వెళ్ళి చిన్నుల్లి పీకేసింది. మిగిలిన కలుపుకి నీళ్ళు పోస్తోంది.

*

గౌరవనీయులైన క్లు గారికి,

వెతికాం. మీ ఆవిడ పేరు వెనక ఖాళీ స్థలం చాలా ఉంది. పాత కంప్యూటర్ దాన్ని పట్టించుకునేది కాదు, కొత్తది లెక్కలోకి తీసుకుంటోంది. చిక్కంతా అదే. తొలగించడానికి పైవారి అనుమతి కోరాం.

భవదీయుడు,
మావుకో

*

బాబూ మావుకో,

ఆవిడ పేరున స్థలం ఉన్నట్టు నాకే తెలీదు. ఉత్తరం చదివిపెట్టిన మా బావమరిది, "అక్క స్థలంలో నాకూ వాటా ఉంది" అంటూ కొలతాడు పట్టుకుని తిరుగుతున్నాడు. మాకు చూపించకుండా తొలగించకండి.

ఇట్లు,
సెనాను క్లు

తా.క. అందులో బావి ఉందా?

*

పెద్దాయనా,

అది నేల కాదు. కంప్యూటర్లో ప్రతి పేరుకీ ఒకే పొడుగు చోటు ఇచ్చారు. పేరు పొట్టిదైతే మిగతా చోటు ఖాళీలతో నిండిపోతుంది. పేర్లు పోల్చేటప్పుడు పాతది ఆ ఖాళీల్ని వదిలేసేది. కొత్తది వాటినీ అక్షరాల్లాగే చూస్తుంది. అందుకే ఉత్త పేరు కొడితే దొరకలేదు. ఆర్నెల్లకి అనుమతి వచ్చింది. అందరి పేర్ల వెనకా ఖాళీలు చెరిపేశాం. సోమవారం రండి.

మీ మావుకో

తా.క. బావి లేదు.

*

మావుకో బాబుకి,

సోమవారం వచ్చాం. పేరు వెంటనే దొరికింది. "మీకు ఆపరేషన్ అయిపోయింది, రెండు కళ్ళూ బాగున్నాయి" అంది ఆ అమ్మాయి. "అయితే దీపం వెయ్యమ్మా" అంది మా ఆవిడ. అప్పుడు పట్టపగలు.

కేటా ఊళ్ళో ఇంకో ఎసినామ్ క్లు ఉందట. కొత్త కంప్యూటర్ వచ్చాక, ఈ ఆర్నెల్లలోనే చేరింది కాబట్టి ఆమె పేరు వెనక ఖాళీ లేదు. మీరు మా ఖాళీ చెరిపేసరికి ఇద్దరూ ఒక్కరైపోయారు.

డాక్టరు జాలిపడి చూశాడు. శుక్లం ముదిరి లోపల నరం పోయింది, ఇక చూపు రాదన్నాడు. మీరు మంచివారే. ఇక ఉత్తరాలు అక్కర్లేదు.

సెలవు,
సెనాను క్లు

తా.క. ఆ కేటా ఎసినామ్‌కి చూపు బాగా వచ్చిందో లేదో మా ఆవిడ కనుక్కోమంటోంది. నీకెందుకన్నాను. "ఒక్కదానికైనా కనబడాలి కదా" అంటోంది.