మాట్లాడని మనిషి సినిమా

ఆదివారం, పడుకోబోయే ముందు

మనవరాలు శిరీష మమ్మల్ని మదనపల్లెకు సినిమాకు తీసుకుపోయింది. అంతరిక్షనౌకలో ఒంటరి మనిషి ఒకడు కిటికీ దగ్గర కూర్చుని, భూమి నుంచి వచ్చే జవాబు కోసం ఎదురుచూస్తుంటాడు. కథ అంతే. రోజంతా ఆవుల వెంట తిరిగే నాకు ఆ నిదానం కొత్తగా లేదు. చాలా నచ్చింది.

తిరుగు బస్సులో అల్లుడు శిరీషతో మొదలుపెట్టాడు. "ఫైటూ లే, పాటా లే. నిద్దరపోయేదానికి టికెట్టు కొనిస్తివి గదమ్మా!"

నా భార్య రెడ్డెమ్మ అందుకుంది. "సినిమాలో ఆయప్ప అచ్చం మీ తాత మాదిరే ఉండాడు. మాట్లాడడు, ఊరికే సూస్తా కూసుంటాడు."

పక్క సీటువాళ్లు కూడా నవ్వారు. శిరీష ముఖం చిన్నబుచ్చుకుని అటు తిరిగింది. నాకు మనసు ఆగలేదు.

"ఊరికే కాదు మే. ఆయప్ప లోపల మాట్లాడతానే ఉండాడు. నాకు వినపడింది" అన్నాను.

శిరీష ఇటు తిరిగింది. రాత్రి సంగటి పెడుతూ రెడ్డెమ్మ అడిగింది.

"నువ్వూ లోపల మాట్లాడతాంటావా?"

"ఊ."

"ఎవురితో?"

"నీతోనే."

అడగకుండానే ఇంకో ముద్ద వేసింది. ఏం మాట్లాడతావని రేపు అడిగితే మాత్రం, ఎక్కడ మొదలుపెట్టాలో...